తలకు దెబ్బ తగిలాక మాటలు వచ్చేస్తే ఇక అంతా బాగైనట్టేనా?

బాబు తలకు పెద్ద దెబ్బ తగిలిందని, మాటలు మళ్ళీ వచ్చినా చదువులో వెనకబడ్డాడని, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందా అని అడిగారు. ఊరికే ఎదురుచూడకండి. మా మేనకోడల్ని దగ్గరుండి చూసి చెబుతున్న మాట ఇది.

బండి మీద నుంచి పడినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఐసీయూ నుంచి వచ్చాక కొంతకాలం నోరే విప్పలేదు. "అమ్మా, నీళ్ళు" అన్నరోజు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. గండం గడిచిందన్నారు అందరూ.

తర్వాతెప్పుడో మా అమ్మ దాని చేతికి గిన్నె ఇచ్చి, "పక్కింటి పిన్నికి ఈ పప్పు ఇచ్చి, తోడుకి కాస్త మజ్జిగ పట్రా, వస్తూ గేటు వెయ్యి" అంది. అది గేటు వేసేసి పప్పుతోనే వెనక్కి వచ్చింది. "ఏం తెమ్మన్నానే?" అంటే "అదే... తెల్లగా... గ్లాసులో..." అని చేతులు తిప్పుతూ ఏడ్చేసింది. రోజూ అన్నంలో పోసుకునే మజ్జిగ! స్కానింగ్‌లో అంతా బాగుందన్నారు. మూడు పనులు వరసగా చెబితే పిల్ల గుర్తుపెట్టుకోగలదా, సంక్రాంతికి ఊళ్ళో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పగలదా అనేది ఏ స్కానింగూ చూపించదు.

స్కూల్లోనేమో డైరీలో "బద్ధకం, చెప్పింది వినదు" అని రాశారు. ఆ రాతకి నాకు ఇప్పటికీ కోపం పోలేదు. దానికి తోడు చదువంతా ఇంగ్లీషులో. తెలుగులోనే మాట వెతుక్కుంటున్న పిల్లకి అదెంత భారం! స్పీచ్ థెరపీ మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే చేయించండి.

"చిన్నపిల్లలు కదా, త్వరగా కోలుకుంటారు" అనే బంధువుల మాట నమ్మకండి. దెబ్బ తీవ్రమైనదైతే, చిన్న వయసులో తగలడమే ఎక్కువ నష్టం, ఇంకా నేర్చుకోవాల్సిన భాషే ఎక్కువ కాబట్టి. పాఠాలు పెద్దవయ్యేకొద్దీ లోపం బయటపడుతుంది.

ఇంకోమాట. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరని 2019లో చట్టం సవరించారు. అయినా ముందు ట్యాంకు మీద పిల్లల్ని ఉత్త తలతో కూర్చోబెట్టుకునే తండ్రులే రోడ్డంతా.

మీరు ఈ వారమే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ఉచ్చారణ ఒక్కటే చూసి పంపించేయనివ్వకండి, కథ చెప్పించి చూడమనండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వాక్, భాషా వైకల్యం కూడా ఉంది. రిపోర్టు జతచేసి, పరీక్షల్లో అదనపు సమయం కావాలని, ఒకసారికి ఒక్క పనే చెప్పాలని స్కూలుకి రాసివ్వండి.