బిళ్ళగన్నేరు కాలస్ నుంచి విన్‌క్రిస్టిన్ తీయవచ్చా?

బిళ్ళగన్నేరు ఆకును టిష్యూ కల్చర్‌లో పెంచి, క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్‌లను ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా తీయవచ్చా అని అడిగారు. నెల్లూరులో చదివేటప్పుడు నేనూ ఇదే అంశాన్ని ఎంచుకున్నాను కనుక, నాకు ఎదురైనదే చెబుతాను.

మైపాడు వైపు ఇసుక నేలలో పెరిగిన మొక్కల నుంచి లేత ఆకులు తెచ్చి, శుద్ధి చేసి, 2,4-డి అనే హార్మోన్ కలిపిన మురాషిగే-స్కూగ్ అనే పోషక మాధ్యమంలో ఉంచాను. ఈశాన్య రుతుపవనాల తేమకు మొదటి విడత సీసాలన్నీ బూజు పట్టాయి. రెండో విడతలో మాత్రం నాలుగు వారాలకే కాలస్, అంటే వేరు, ఆకు అనే రూపం లేని కణాల ముద్ద, చక్కగా వచ్చింది. ఆ సంతోషంలో నెలలపాటు దాన్ని పెంచుకుంటూ పోయానే తప్ప, లోపల ఏముందో చూడలేదు. చివరకు మిథనాల్‌తో సారం తీసి పదార్థాలను విడదీసి మచ్చలుగా చూపే టీఎల్‌సీ పలక మీద పరీక్షిస్తే, ఈ మందులకు ముడిపదార్థమైన విండోలిన్ ఉండవలసిన చోట మచ్చే లేదు.

కారణం మొక్కలోనే ఉంది. విన్‌బ్లాస్టిన్ అణువు క్యాథరాంథిన్, విండోలిన్ అనే రెండు భాగాల కలయిక. వాటిలో విండోలిన్ తయారీలోని చివరి దశలు ఆకులోని ఇడియోబ్లాస్టులు, పాలనాళాలు అనే ప్రత్యేక కణాలలో జరుగుతాయి, వాటికి వెలుతురు కూడా కావాలి. కాలస్‌లో ఆ ప్రత్యేక కణాలు ఏర్పడవు కనుక, అది ఎంత బాగా పెరిగినా విండోలిన్ ఇవ్వదు.

అలాగని కణాల పెంపకం వృథా అనుకోవద్దు. జపాన్‌లో మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ 1983లో షికోనిన్ అనే ఎర్రరంగు పదార్థాన్ని కణాల నుంచే వాణిజ్యస్థాయిలో తయారుచేసింది. అమ్మోనియం ఉంటే కణాలు షికోనిన్ తయారుచేయవు కనుక, ముందు పెరుగుదలకు ఒక మాధ్యమం, తరువాత ఉత్పత్తికి నైట్రేట్ మాత్రమే ఉన్న మరో మాధ్యమం వాడారు. ఈ రెండు దశల పద్ధతి మీరు తప్పక చదవవలసినది.

మీ ప్రాజెక్టుకు నా సలహా ఏమిటంటే, విన్‌క్రిస్టిన్‌ను వదిలి, అదే మొక్క వేళ్ళలో దొరికే అజ్మలిసిన్, సర్పెంటిన్ అనే పదార్థాలను తీసుకోండి. ఆగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే బాక్టీరియా సోకితే వచ్చే వెంట్రుక వేళ్ళు హార్మోన్లు లేకుండానే పెరుగుతాయి, ఈ రెండింటినీ తయారుచేస్తాయి. పైగా సర్పెంటిన్ అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది కనుక పలక మీద తేలికగా కనిపిస్తుంది. మొదటి నెలలోనే ఆ పరీక్ష చేయండి, నాలాగా చివరిదాకా ఆగకండి.