ఎర్రమట్టిలో ఇనుముకు కరువా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు శివారు హోసకోటె దగ్గర 10 గుంటలు (పావెకరం) కౌలుకు తీసుకొని మెక్సికన్ లాన్ పెంచి, పలకలుగా కోసి అమ్ముతున్నాం. గడ్డి పసుపెక్కింది. భూమిలో ఐరన్ లేదని షాపులో చెప్పారు. 200 లీటర్ల డ్రమ్ములో 3 కిలోల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 2 కిలోల యూరియా కలిపి ఉంచుకొని వారానికోసారి కొడుతున్నాం. మొదటిసారి పచ్చబడింది, తర్వాత గుణం లేదు. కొసలు నల్లబడ్డాయి. డోసు పెంచాలా?

జవాబు: వద్దు. వేయాల్సినదానికి ఇప్పటికే మూడింతలు వేశారు. కొసలు నల్లబడింది అందుకే, తెగులు కాదు. దానికి మళ్లీ మందు కొనకండి.

భూమిలో ఐరన్ లేదన్న మాట కూడా తప్పే. ఆ మట్టి ఎర్రగా ఉన్నదే ఇనుము వల్ల. అది వేరుకు అందడం లేదు, అంతే. మీరు పంపిన ఫొటోలో లేత ఆకులే పాలిపోయాయి, ఈనెలు పచ్చగా ఉన్నాయి. కాబట్టి ఐరన్ లోపమే. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి. నా అనుమానం మీ బోరు నీళ్ల మీద. స్ప్రింక్లర్ నాజిళ్ల దగ్గర తెల్లటి పొర పేరుకుంటోందా? అయితే ఆ నీటిలో బైకార్బనేట్లు అనే క్షార లవణాలు ఎక్కువ. రోజూ అదే తడి ఇస్తే నేల పీహెచ్ (క్షారగుణం) పెరిగి ఇనుము బిగుసుకుపోతుంది.

డ్రమ్ములోనూ జరిగిందదే. అన్నభేది ద్రావణం తాజాగా ఉన్నప్పుడు లేత ఆకుపచ్చ. నిలవ ఉంటే టీ రంగుకు తిరిగి, అడుగున ఇటుకపొడి లాంటి మడ్డి చేరుతుంది. రెండోసారి నుంచి మీరు కొట్టింది ఆ తుప్పునే. నాజిల్ మూసుకుపోయి ఉంటుంది కూడా.

గుంటకు 10 లీటర్ల నీళ్లు చాలు. వాన నీళ్లయితే మేలు. ముందు 10 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, తర్వాతే 50 గ్రాముల అన్నభేది వేయండి. ఈ వరస తప్పితే బోరు నీళ్లలో అన్నభేది త్వరగా విరిగిపోతుంది. పీహెచ్ పేపరు ముంచి చూడండి, 5 దాటితే ఇంకో 5 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. ప్లాస్టిక్ బకెట్టే వాడండి. వడగట్టి, ఎండ తగ్గాక సాయంత్రం సన్నటి తుంపరగా కొట్టండి. ఆ పూట కలిపింది ఆ పూటే అయిపోవాలి. ఒక రోజు తడి, రెండు రోజులు కోత ఆపండి. 15 రోజులకు మరోసారి, అంతటితో సరి. గోధుమరంగు పొడిగా మారిన అన్నభేది ఎంత చవకకిచ్చినా కొనకండి. సిమెంటు మీద, టైల్స్ మీద పడితే వెంటనే కడగండి, ఆరితే మరక పోదు.

యూరియా ఈ ద్రావణంలో కలపకండి. దాని బదులు గుంటకు కిలో అమ్మోనియం సల్ఫేట్ చల్లి వెంటనే తడి ఇవ్వండి, పీహెచ్ కూడా కాస్త దిగుతుంది.

షాపు వాళ్లు అడక్కుండానే డీఏపీ కట్ట అంటగట్టి ఉంటారు. దాంతో భాస్వరం ఎక్కువైతే ఐరన్ ఇంకా అందదు. ఈడీటీఏ ఐరన్ (చీలేటెడ్ ఇనుములో ఒక రకం) ఇచ్చి భూమిలో పోయమంటారు. పీహెచ్ ఏడు దాటిన నేలలో అది నిలవదు, అక్కడ ఈడీడీహెచ్ఏ రకమే పనిచేస్తుంది. మట్టి చూడకుండా మందు చెప్పేవాళ్ల మాట ఎందుకు వింటారో నాకర్థం కాదు! ఈ సీసాలకు పెట్టే ఖర్చులో మట్టి పరీక్ష, నీటి పరీక్ష రెండూ అయిపోతాయి. జీకేవీకే (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) మీకు దూరం కాదు. నాలుగైదు చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి అరకిలో, అరగంట బోరు నడిచాక పట్టిన లీటరు నీళ్లు ఇవ్వండి. కాగితం వచ్చాక పీహెచ్, ఈసీ (లవణాల మోతాదు), బైకార్బనేట్ అంకెలు రాయండి. పీహెచ్ దించడానికి గంధకం వేయాలా, వేస్తే ఎంత అన్నది అప్పుడు చెబుతాను.