మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనబోతున్న మేనల్లుడికి

చిన్నా,

జీతం కూడబెట్టి అమెరికాలో తయారైన ఫెండర్ కంపెనీ గిటారే కొంటానని పట్టుబట్టావట, మీ అమ్మ చెప్పింది. వద్దని నేననను. ఆ డబ్బు గిటార్‌లో ఎక్కడెక్కడికి పోతుందో తెలుసుకుని కొను.

1954లో వచ్చిన ఫెండర్ మోడల్ స్ట్రాటోకాస్టర్ ఆకారం ఇవాళ నీకు మూడు రకాలుగా దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని కరోనాలో చేసింది, మెక్సికోలోని ఎన్సెనాడాలో చేసింది, ఫెండర్ వాళ్లదే అయిన స్క్వైర్ పేరుతో ఇండోనేషియాలోనో చైనాలోనో చేసింది. గిబ్సన్ కంపెనీకి చవక రకాల పేరు ఎపిఫోన్, అదీ అలాంటిదే. పీఆర్ఎస్ అనే కంపెనీ వాళ్లు ఖరీదైనవి అమెరికాలోని మేరీలాండ్‌లో చేసుకుంటారు. వాళ్లవే చవకైన ఎస్ఈ రకాలు ఎక్కువగా ఇండోనేషియాలో కోర్ట్ ఫ్యాక్టరీ నుంచి వస్తాయి.

చెక్క కోయడం ఇప్పుడు దాదాపు అందరికీ కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషన్ల పనే. అందుకే చవక గిటార్ల నెక్‌లు (మెడ భాగం), బాడీలు మా రోజుల కంటే ఎంతో మెరుగయ్యాయి. తేడా మిషన్ ఆగాక మొదలవుతుంది. ఫ్రెట్లన్నీ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) ఒకే ఎత్తుకు తేవాలి, వాటి చివర్లు ఆకురాయితో నున్నగా రుద్దాలి, నట్‌లో (నెక్ పై చివర తీగలు ఆనే చిన్న దిమ్మ) ఒక్కో తీగకు గాడి సరైన లోతుకు కోయాలి. ఇదంతా ఓపికగా చేతితో చేసే పని. ధర తగ్గించాలంటే ముందు కోత పడేది ఈ పని మీదే. తర్వాత ట్యూనింగ్ కీలు, స్విచ్, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి మీద. అన్నిటికంటే చవక రకం గిటార్‌కు శ్రుతి నిలవదు. నేర్చుకునేవాడు తన వేళ్లదే తప్పనుకుని మానేస్తాడు. దాని జోలికి మాత్రం పోకు.

అక్కడి నుంచి మధ్య ధరల మెట్టుకు వస్తే నాణ్యత ఒక్కసారిగా పెరుగుతుంది. యమహా పసిఫికా 112వీ, స్క్వైర్ క్లాసిక్ వైబ్ లాంటివి నా లెక్కలో ఈ మెట్టువి. ఆ పసిఫికాలో అల్నికో అయస్కాంతాల పికప్‌లుంటాయి (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి), టోన్ నాబ్ పైకి లాగితే రెండు చుట్టల హంబకర్ పికప్ ఒక్క చుట్టదైన సింగిల్ కాయిల్‌లా పలుకుతుంది. మధ్య నుంచి పైకి వెళ్లేకొద్దీ అంతకంత డబ్బు పెట్టినా పెరిగేది కొంచెమే. అక్కడ నువ్వు కట్టేది అమెరికా కూలికి, ఫినిషింగ్‌కి, పేరుకి. ఆ ఫినిషింగ్ చేతికి తెలుస్తుంది, అబద్ధం కాదు. కానీ మొదటి ఏడాది నీ చేతికి అది తెలియదు.

ఖరీదైనదంటే గట్టిదని కూడా అనుకోకు. గిబ్సన్ లెస్ పాల్ మోడల్ తల (ట్యూనింగ్ కీలుండే భాగం) సాధారణంగా 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. స్టాండు మీంచి పడితే నట్ వెనకాల విరగడం దానికి పేరుపడ్డ జబ్బు.

ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) ఇండియన్ లారెల్ అని రాసి ఉంటే తీసిపారేయకు. 2017లో ఫింగర్‌బోర్డులకు ఎక్కువగా వాడే రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలు బిగిశాక బడ్జెట్ గిటార్లలో దాని వాడకం పెరిగింది. అది మన అడవుల్లోని నల్లమద్దే, మంచి చేవగల చెక్క.

షాపులో పేరు చూడకుండా వాయించు. అరచేయి నెక్ అంచు వెంబడి జార్చు, ఫ్రెట్ చివర్లు గుచ్చుకోకూడదు. పొడి వాతావరణంలో చెక్క ముడుచుకుని ఖరీదైన గిటార్‌కీ అవి బయటికి పొడుచుకొస్తాయి, కాబట్టి ఏ ధరదైనా చూడాల్సిందే. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా మోగించు. 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్, నొక్కి పలికించిన స్వరం శ్రుతి చూపే ట్యూనర్‌లో ఒకటిగా రావాలి. రాకపోతే బ్రిడ్జి దగ్గర సర్దొచ్చేమో షాపులోనే అడుగు. తీగను పక్కకు తోసి గట్టిగా నాలుగైదు బెండ్‌లు వేసి శ్రుతి మళ్లీ చూడు. ఒకే మోడల్‌వి రెండు మూడు ఉంటే అన్నీ వాయించు, చవక రకాల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎక్కువ.

మిగిలిన డబ్బులో ఒక మంచి యాంప్ (గిటార్ శబ్దం పెంచే యాంప్లిఫయర్) కొనుక్కో, తెలిసినవాడి చేత సెటప్ చేయించు. యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) సరిగ్గా దించి ఇంటోనేషన్ (అన్ని ఫ్రెట్ల దగ్గరా శ్రుతి) సర్దిన స్క్వైర్, సెటప్ లేని అమెరికన్ ఫెండర్ కంటే వాయించడానికి హాయిగా ఉంటుంది. స్వయంగా వాయించి చూసిన మాట ఇది.

సెకండ్ హ్యాండ్‌లో గిబ్సన్ సగం ధరకే వస్తోందని ఎవరైనా అంటే తొందరపడకు, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. తల ముందు వెనక, సీరియల్ నంబరు, లోపలి వైరింగ్ ఫొటోలు నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య