కొత్త కారుకి సిరామిక్ కోటింగ్ షోరూమ్‌లోనే చేయించాలా, బయట చేయించాలా, అసలు అవసరమా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే వారం తెల్ల కారు డెలివరీ, షోరూమ్ వాళ్ళు ముప్పై వేల పైచిలుకు కట్టండి కోటింగ్ వేసే ఇస్తాం అంటున్నారు, మీ ఫ్రెండేమో అదంతా వేస్టు, వ్యాక్స్ కొట్టించుకో చాలు అంటున్నాడు, ఎవరి మాట వినాలి అని. నేను బెజవాడలో ఇదే పని చేస్తానండి, తొమ్మిదేళ్ళ నుంచి. అంతకు ముందు ఒక డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో నాలుగేళ్ళు రబ్బింగ్ కొట్టా. కోటింగ్ వేసుకుని బతికేవాడు వేయించుకోమనే చెప్తాడులే అనుకుంటారు, అనుకోండి, కానీ మొత్తం చదివాక అనుకోండి.

అసలు కారు పెయింట్ ఎంత మందం ఉంటుందో తెలిస్తే సగం కన్ఫ్యూజన్ పోతుంది. కొత్త కారు డోర్ మీద మీటర్ పెడితే నాకు మామూలుగా 90 నుంచి 130 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది, అడుగున ప్రైమరు, దాని మీద కలరు, పైన క్లియర్ కోటు అన్నీ కలిపి. మన తల వెంట్రుక సుమారు 70 ఉంటుంది, లెక్కేసుకోండి. అందులో పైన మెరిసే క్లియర్ 40, 50 ఉంటే ఎక్కువ. దాని మీద మేం వేసే సిరామిక్, అంటే సీసాలో వచ్చే ద్రవం, పెయింట్ మీద రాస్తే గట్టిపడి పొరలా నిలుస్తుంది, అది ఎంతయ్యా అంటే ఒకటో రెండో మైక్రాన్లు, అంతే. హైవే మీద ముందు పోయే టిప్పర్ నుంచి ఎగిరొచ్చిన కంకర రాయిని అది ఆపుతుందని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి.

ఈ 9హెచ్ గోల ఒకటి ఉంది. సీసా మీద పెద్దక్షరాలతో ఉంటుంది, అమ్మేవాళ్ళు వజ్రం 10, మనది 9 అని చెప్పేస్తారు. వజ్రం 10 అనేది రాళ్ళ గట్టిదనాన్ని కొలిచే స్కేలు, అందులో 9 అంటే కెంపు, నీలం లాంటివి. మన సీసా మీద ఉన్న హెచ్ మాత్రం పెన్సిల్ హెచ్, చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో 2హెచ్, హెచ్‌బీ అని వాడామే అదే. పెన్సిల్ ముల్లుని 45 డిగ్రీల్లో ఆనించి 750 గ్రాముల బరువుతో తోస్తారు, 9హెచ్ పెన్సిల్‌కి కూడా గీత పడకపోతే 9హెచ్ అని వేసుకుంటారు. ఒకాయనైతే ఈ నంబర్ నమ్మి నా షాపులోనే తాళం చెవి తీసి, ఏదీ గీసి చూపిస్తా ఉండండి అని బానెట్ మీదకి వంగాడు, నేనూ మా కుర్రాడూ ఇద్దరం చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది.

మరి ఏం పనికొస్తుంది అంటే, దుమ్ము గట్టిగా అతుక్కోదు, కడిగితే తొందరగా పోతుంది, తక్కువ రుద్దుతాం కాబట్టి గీతలు తక్కువ పడతాయి. కాకి రెట్ట పడిందనుకోండి, అది ఆమ్లం, మన మే నెల ఎండలో ఒక్క మధ్యాహ్నంలో క్లియర్‌ని తినేసి గుంట చేస్తుంది, కోటింగ్ ఉంటే సాయంత్రం ఇంటికొచ్చి తుడుచుకునేదాకా టైమ్ ఇస్తుంది. రెండ్రోజులు వదిలేస్తే మాత్రం కోటింగ్ ఉన్నా మచ్చ పడుద్ది. రంగు వెలవడం కూడా తగ్గుతుంది, మెరుపు సరేసరి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, ఎందుకంటే మీరు డబ్బులు కట్టేది సీసాకి కాదు. 50 మిల్లీల సీసా ఒక కారుకి సరిపోతుంది, మంచి రకమైనా నాకు మూడు నుంచి ఐదు వేల మధ్యలో పడుతుంది. నేను హ్యాచ్‌బ్యాక్‌కి 16 వేలు, పెద్ద ఎస్‌యూవీకి 24 వేలు తీసుకుంటా, మిగతాదంతా సీసా మూత తియ్యకముందు రెండు రోజులు చేసే చాకిరీకి. కొత్త కారుకి ఏం చాకిరీ బాబూ, కొత్తదే కదా అంటారు అందరూ. కొత్త కారు ఫ్యాక్టరీలోంచి మీ ఇంటికి నేరుగా రాదండి, ట్రైలర్ మీదో గూడ్స్ రైలు మీదో వస్తుంది, స్టాక్ యార్డులో ఎండకీ వానకీ వారాలు నిలబడుతుంది, ఆ తర్వాత డెలివరీ రోజు పొద్దున్నే వాషింగ్ కుర్రాడు నిన్న పది కార్లు తుడిచిన గుడ్డతోనే దీన్నీ తుడుస్తాడు. వాడి తప్పేం లేదు, రోజుకి అన్ని కార్లు అప్పజెప్పాలి.

మొన్న శ్రావణంలో ఒక తెల్ల ఎస్‌యూవీ వచ్చింది, డెలివరీ అయ్యి రెండే రోజులు, మీటర్ మీద వంద కిలోమీటర్లు కూడా లేవు. ఓనర్ పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. ఫోమ్ వేసి కడిగాక ఐరన్ రిమూవర్ కొట్టా, రెండు మూడు నిమిషాలకి డోర్ల కింద, డిక్కీ మీద ఊదా రంగు చారలు కారడం మొదలైంది, తెల్ల బండి మీద అచ్చం నెత్తురు కారినట్టే ఉంటుంది, దానికి తోడు కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఆయన లేచి నిలబడిపోయాడు, ఏం పోశావయ్యా నా బండి మీద అని. ఏం లేదు సార్, రైలు పట్టాల నుంచీ బ్రేకుల నుంచీ రాలే సన్న ఇనప రజను పెయింట్‌లో దిగిపోయి ఉంటుంది, ఈ మందు దాన్ని కరిగించేటప్పుడు రంగు మారుతుంది అని చెప్పి, చెయ్యి తడి చేసి బానెట్ మీద పెట్టి చూడమన్నా. ఇసక కాగితంలా గరగర. క్లే, అంటే పెయింట్‌కి అతుక్కున్న రజను లాగేసే బంకమట్టి లాంటి ముద్ద, అది కొట్టాక మళ్ళీ పెట్టమన్నా, అద్దంలా జారింది. ఆ గరగర మీదే కోటింగ్ వేసేస్తే ఆ ఇనుము అడుగునే ఉండిపోయి, ఏడాది తిరక్కముందే తెలుపు మీద సన్నటి తుప్పు చుక్కలు తేలతాయి, అప్పుడు కోటింగ్ బాలేదంటారు.

అదే బండికి ఇంకోటి బయటపడింది. పాలిష్‌కి ముందు ప్రతి ప్యానెల్ మీదా మీటర్ పెడతా, అన్ని చోట్లా వంద, నూట పది చూపిస్తుంది, ఎడమ ఫెండర్ దగ్గర 240. అంటే ఎక్కడో తగిలింది, మళ్ళీ పెయింట్ వేశారు. ఆయన అక్కడి నుంచే డీలర్‌కి ఫోన్ చేసి గంటన్నర గొడవ పడ్డాడు, తర్వాత ఏదో సెటిల్ చేశారులెండి. మీరు అక్కడ తెలుసుకోవాల్సింది వేరే: ఫ్యాక్టరీలో బాడీ మీద పెయింట్‌ని 140 డిగ్రీల దాకా కాలుస్తారు, అది అక్కడే పూర్తిగా ఆరిపోతుంది, కాబట్టి కొత్త కారుకి మూడు నెలలు ఆగాలి, పెయింట్ గట్టిపడాలి అనేది వట్టి మాట, డెలివరీ మర్నాడే వేసుకోవచ్చు. బయట షెడ్డుల్లో వేసింది 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు, లోపల థిన్నర్ మెల్లగా పోతూ ఉంటుంది, దాని మీద మాత్రం నెల ఆగే వేస్తా. అందుకే ఆయనకి ఫెండర్ ఒక్కటీ వదిలేసి, నెల తర్వాత పిలిచి వేశా.

క్లే అయ్యాక పాలిష్. లైటు పెట్టి చూస్తే కొత్త బండి మీదే సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తాయి, నల్ల బండి అయితే చూడలేం. మీరు తెలుపు తీసుకున్నారు కాబట్టి అదృష్టవంతులు. కొత్తదాన్ని కాంపౌండ్, అంటే గరుకు పాలిష్ పెట్టి గట్టిగా కోయను, ఉన్నదే 40 మైక్రాన్ల క్లియరు, మెత్తటి ప్యాడ్‌తో ఒక రౌండు ఫినిషింగ్ చాలు. తర్వాత ఆ పాలిష్ నూనె అంతా పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో తుడవాలి, ఇది ఎగ్గొట్టేవాళ్ళు చాలామంది. నూనె మీద వేస్తే కోటింగ్ నూనెకి అతుక్కుంటుంది, పెయింట్‌కి కాదు, నాలుగు వాష్‌లకి పోతుంది.

వెయ్యడం అనేది చూడ్డానికి సింపుల్, స్పాంజి దిమ్మకి గుడ్డ చుట్టి చుక్కలు వేసి రెండడుగులు రెండడుగుల చోట నిలువు ఒకసారి అడ్డం ఒకసారి రాసి, కాస్త ఆగి మైక్రోఫైబర్‌తో తుడిచెయ్యడం. ఆ కాస్త ఎంత అన్నదే పనితనం. ఏసీ గదిలో నిమిషం పైన దొరుకుతుంది, వేడి పెరిగితే అర నిమిషం కూడా ఉండదు, ఇవి గాల్లో తేమ పట్టుకుని గట్టిపడే రకం కాబట్టి తేమ ఎక్కువున్న రోజు ఇంకా తొందరగా పట్టేస్తుంది. నాకిది ఒక మే నెలలో బాగా తెలిసొచ్చింది. నల్ల సెడాన్, మర్నాడు వాళ్ళకి గృహప్రవేశం, బండి పొద్దున్నే కావాలి. మధ్యాహ్నం రెండింటికి బానెట్ సగంలో ఉండగా కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతున్నాయి గానీ ఏసీ ఆగిపోయింది, గది కుంపటి అయిపోయింది. ఆపెయ్యాల్సింది. ఆపలేదు, ముహూర్తం అన్నారని కానిచ్చేశా. లైట్ల కింద బాగానే కనిపించింది, మర్నాడు పొద్దున ఎండలోకి తీస్తే బానెట్ అంతా నీళ్ళ మీద డీజిల్ పడినట్టు రంగు రంగుల మచ్చలు. గట్టిపడ్డాక దాన్ని ఏ మందూ తియ్యదు, మళ్ళీ మిషన్ పెట్టి కోయాల్సిందే. వాళ్ళని వేరే బండిలో పంపించి, పూటంతా కూర్చుని బానెట్ పాలిష్ చేసి, కొత్త సీసా నా జేబులోంచే పెట్టి వేశా. ఇప్పుడు గోడకి వేడీ తేమా చూపించే మీటర్ ఒకటి తగిలించా, వేసవిలో పదకొండు దాటితే సీసా ముట్టుకోను, కస్టమర్ ఎంత పెద్దమనిషైనా సరే.

షోరూమ్‌లో ఎందుకు వద్దంటానో ఇప్పటికి అర్థమయ్యుంటుంది. అక్కడా పనిమంతులు ఉంటారు, లేరనను. కానీ పొద్దున బండిచ్చి సాయంత్రం తీసుకెళ్ళండి అన్నారంటే ఈ పనుల్లో ఏవో ఎగ్గొట్టినట్టే. అడగండి, క్లే చేస్తారా, పాలిష్ చేస్తారా, ఏ బ్రాండు, సీసా నా ఎదురుగా తెరుస్తారా, బండి ఎన్ని గంటలు లోపల ఉంటుంది అని. కోటింగ్ వేశాక కనీసం 12 గంటలు నీళ్ళు తగలకూడదు, వారం దాకా షాంపూ వాష్ వద్దు. ఇంకొందరు టెఫ్లాన్ కోటింగ్ అంటారు, దోశ పెనం మీద అది పట్టాలంటే 300 డిగ్రీలు దాటి కాల్చాలి, మీ కారుని అలా కాల్చలేరు కదా, ఆ పేరుతో కొట్టేది చాలావరకు కొన్ని నెలలుండే సీలెంటే, అంటే వ్యాక్స్ లాంటి పైపూతే. ఐదేళ్ళ వారంటీ అన్నప్పుడు కింద చిన్నక్షరాలు చదవండి, ఏటా వాళ్ళ దగ్గరే డబ్బులు కట్టి మెయింటెనెన్స్ చేయించాలని ఉంటుంది. నేను నోటి మాటగా రెండేళ్ళు అంటా, బాగా చూసుకుంటే మూడు.

పూజ సంగతి ఎవరూ అడగరు గానీ నేనే చెప్తా. మన దగ్గర కొత్త బండి నేరుగా కొండ కింద అమ్మవారి దగ్గరికే పోతుంది, బానెట్ మీద తడి పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, దండ. పసుపు మరక నాలుగు రోజులు ఎండ తగిలితే అదే వెలిసిపోతుంది, బజారు కుంకుమలో కలిపే ఎర్ర రంగు మాత్రం తెల్ల పెయింట్ మీద రోజంతా ఉంటే పట్టుకుంటుంది. దండ ఇనప తీగతో కట్టి ఉంటే ఇల్లు చేరేసరికి బంపర్ మీద గీతలే గీతలు. బొట్టు అద్దం మీద పెట్టించండి, దండ గుడి దగ్గరే తీసెయ్యండి, పూజ అయ్యాకే నా దగ్గరికి రండి అంటా. ఒక పెద్దావిడ దసరా మర్నాడు ఫోన్ చేసి, కోటింగ్ వేశావు సరే, ఆయుధ పూజకి గంధం పెడితే నిలవకుండా జారిపోయింది, ఇదేం అరిష్టం బాబూ అని అడిగింది. గంధం చిక్కగా కలపండమ్మా అన్నా, ఇంకేం చెప్పను.

బోరు నీళ్ళు ఉన్న అపార్ట్‌మెంటా మీది? అయితే ఇది గట్టిగా పట్టించుకోండి. కోటింగ్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడతాయి, వీడియోల్లో బాగుంటుంది, ఆ ముత్యం ఎండలో ఆరిపోతే అందులో ఉన్న సున్నం అంతా ఒక తెల్ల ఉంగరంలా అక్కడే మిగులుతుంది. వాచ్‌మన్ పొద్దున్నే బకెట్ నీళ్ళు కొట్టి వెళ్ళిపోతే ఆర్నెల్లకి బండి నిండా ఈ ఉంగరాలే. కడిగిన వెంటనే టవల్‌తో తుడవాలి, లేదా వాచ్‌మన్‌కి ఆ నెల డబ్బులిచ్చి కార్ మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పాలి, నేను రెండోదే చేశా.

ఇక రాళ్ళ దెబ్బలే మీ భయం అయితే, ఊళ్ళు బాగా తిరుగుతాను అంటే, పీపీఎఫ్ ఫిల్మ్ చూడండి, పెయింట్ మీద అతికించే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, అది 150 నుంచి 200 మైక్రాన్లుంటుంది, రాయి దెబ్బ తనే తింటుంది. బండి మొత్తానికి లక్ష దాటే అవకాశం ఉంది కాబట్టి బంపరు, బానెట్ వరకు వేయించుకుని మిగతా దానికి కోటింగ్ వేయించుకోవచ్చు. ఆ ప్లాస్టిక్ టీపీయూ రకం అని రాసి ఇవ్వమనండి, పీవీసీ రకం చవగ్గా ఉంటుంది, పచ్చబడిపోతుంది. మీ ఫ్రెండ్ చెప్పిన వ్యాక్స్ కూడా తప్పేం కాదు, రెండు నెలలకోసారి ఓపిగ్గా కొట్టుకునే మనిషైతే. ఏడాదిలో కారు మార్చేసేవాళ్ళకి నేనే కోటింగ్ వద్దని పంపించేశా.

మీరు ఇవాళే చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ సేల్స్ అబ్బాయికి ఫోన్ చేసి, డెలివరీకి ముందు బండి కడగొద్దు, తుడవొద్దు, పైనున్న ప్లాస్టిక్ పీకొద్దు, దుమ్ముతోనే ఇచ్చెయ్యండి అని చెప్పండి. వాడు నవ్వుతాడు, ఫోటోలు బాగా రావు సార్ అంటాడు. వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టి ఉంచండి, ఎందుకంటే ఆ రోజు పొద్దున గుడ్డ పట్టుకునేది వేరే కుర్రాడు, వాడికి ఎవరూ చెప్పరు.