5 లక్షల్లో హుషారైన సెకండ్ హ్యాండ్ కారు కావాలంటే, కారుకి 4 లక్షల 20 వేలు దాటనివ్వకండి

భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, చేతిలో 5 లక్షలు. నడుపుతుంటే మజా రావాలి, ఇంట్లోవాళ్లు తిట్టకూడదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ తీసుకోవాలా, మారుతి స్విఫ్ట్ తీసుకోవాలా అని మీరు అడిగారు. ఆదివారం ఒక పోలో చూడడానికి వెళ్తున్నానని కూడా రాశారు. 2024 మొదట్లో నేనూ సరిగ్గా ఇలాగే విశాఖలో వీధివీధీ తిరిగాను. చివరికి 2018 మోడల్ మారుతి బలెనో ఆర్‌ఎస్ కొన్నాను. నాకు తెలిసింది చెప్తాను.

అంతకు ముందు పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొన్నప్పుడు చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. చేతిలో 3 లక్షలుంటే 2 లక్షల 90 వేలు కారుకే ఇచ్చేశాను. నాలుగు నెలలు తిరక్కుండానే క్లచ్ జారడం మొదలైంది, ముందు షాక్ అబ్జార్బర్లు కారిపోయాయి, టైర్లు నాలుగూ నున్నగా అయిపోయాయి. మొత్తం 60 వేలు దాటింది. పిల్లల ఫీజుల కోసం వేసుకున్న చీటీని ముందే పాడుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో కారు ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

అందుకే ఈసారి 5 లక్షల 40 వేలు ఉంటే, కారు 4 లక్షల 60 వేలు దాటకూడదని మా ఆవిడా నేనూ ముందే ఒక మాట అనుకున్నాం. మిగిలిన దాంట్లో నాలుగు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాల్ని పట్టి ఉంచే రాడ్లలోని రబ్బరు ముక్కలు), బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ మార్పించాను. 52 వేలైంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కొన్న రోజు మలుపుల్లో వదులుగా ఊగిన కారు, ఈ పని అయ్యాక ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే తిప్పిన చోటికల్లా గీత గీసినట్టు వెళ్లింది. పాత కార్లలో మనం "పికప్ లేదు, గ్రిప్ లేదు" అనుకునే దాంట్లో చాలా భాగం అరిగిపోయిన రబ్బరు, గట్టిపడిన టైర్ల వల్లే. హార్స్‌పవర్ అంకె చూసి 50 వేలు ఎక్కువ పెట్టేకన్నా, ఆ 50 వేలతో బండిని కొత్తదానిలా బిగిస్తే రోజూ సంతోషంగా ఉంటుంది.

ఇక మీ రెండు కార్లు. పోలో జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ టర్బో ఇంజిన్ (గాలిని ఒత్తి పంపి చిన్న ఇంజిన్‌తోనే ఎక్కువ బలం రాబట్టేది), 105 హార్స్‌పవర్. హైవే మీద అంత గట్టిగా, నిబ్బరంగా పోయే చిన్న కారు మన దగ్గర తక్కువ. కానీ అది 7 గేర్ల డ్రై క్లచ్ (నూనెలో తడవని క్లచ్) ఆటోమేటిక్‌తోనే వచ్చింది. ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోయేటప్పుడు ఆ క్లచ్‌లు బాగా వేడెక్కుతాయి. ఆ గేర్‌బాక్స్‌లో పెద్ద పని పడితే మీరు దాచిన డబ్బు మొత్తం దానికే పోతుంది. 2020 తర్వాత వచ్చిన 1.0 టీఎస్‌ఐ, 110 హార్స్‌పవర్ ఇంజిన్‌కి 6 గేర్ల మాన్యువల్ ఉంది. అది దొరికితే నా ఓటు దానికే, కాకపోతే మీ ధరలో దొరకడం కష్టం. పైగా 2022లో పోలో తయారీ మన దేశంలో ఆగిపోయింది కాబట్టి, మీ ఊళ్లో దాన్ని బాగా ఎరిగిన మెకానిక్ ఉన్నాడో లేడో ముందే కనుక్కోండి.

2018 నుంచి 2020 దాకా వచ్చిన పెట్రోల్ స్విఫ్ట్‌కి 83 హార్స్‌పవరే. కానీ బరువు 900 కిలోలు కూడా ఉండదు. గేరు మార్చి తొక్కితే చిన్నపిల్లాడిలా ఉరుకుతుంది, ఏ ఊళ్లోనైనా రిపేరు అవుతుంది. నా బలెనో ఆర్‌ఎస్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 1.0 లీటర్ టర్బో, 102 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్, వెనక కూడా డిస్క్ బ్రేకులు, కాళ్లు చాపుకునే వెనక సీటు, పెద్ద డిక్కీ. 2017 నుంచి 2020 మొదటి దాకానే అమ్మారు కాబట్టి వెతకాలి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. 2021లో లాటిన్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి భద్రతకు స్టార్లు ఇచ్చే సంస్థ) క్రాష్ టెస్టులో మన దేశంలో తయారైన బలెనోకి సున్నా స్టార్లు వచ్చాయి. 2018 స్విఫ్ట్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 2 స్టార్లు. రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకి 2014లోనే 4 వచ్చాయి. పిల్లల్ని ఎక్కించుకునేవాడిగా ఇది నా మనసులో ఎప్పుడూ ఉంటుంది. అందుకే చిన్నవాడికి ఐసోఫిక్స్ సీటు (కారు సీటులోని కొక్కేలకు గట్టిగా బిగిసే పిల్లల సీటు) కొన్నాను, వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే బండి కదపను. భద్రతే మొదటి మాట అనుకుంటే 2021లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ ఐ-టర్బో చూడండి. 110 హార్స్‌పవర్, ఆల్ట్రోజ్‌కి 5 స్టార్లు ఉన్నాయి. ధర మీ బడ్జెట్‌కి కాస్త పైన ఉండొచ్చు.

మోడల్ ఏదైనా, ఎదురుగా ఉన్న బండి ఎలా ఉందన్నదే ముఖ్యం. నేను చూసిన వాటిలో ఒక ఎర్ర కారు తళతళా మెరిసిపోతోంది. రీడింగ్ 38 వేలు. క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే గీతలన్నీ అరిగిపోయి ఒక మూల ఇనుము బయటపడింది. 38 వేలకు అలా అరగదు. స్టెప్నీ తీయించి కింద చెయ్యి పెడితే తుప్పు పొరలు పొరలుగా వేళ్లకు అంటింది. మా ఊళ్లో సముద్రం గాలికి ఇది మామూలే, పైన పాలిష్ కొడితే కనపడదు. మీది కూడా తీర ప్రాంతమైతే డోర్ల కింది అంచులు, స్టెప్నీ గుంట తప్పకుండా చూడండి. బానెట్ బోల్టుల మీద పెయింట్ లేచిపోయి ఉంటే ముందు భాగానికి టింకరింగ్ (గుద్దుకుని వంగిన రేకు సరిచేసే పని) జరిగిందేమో అడగండి. టైరు మీద "2318" అని నాలుగంకెలుంటే అది 2018లో 23వ వారంలో తయారైందని అర్థం. అంత పాత టైరు ఎంత గాడి మిగిలి ఉన్నా మార్చాల్సిందే.

టర్బో కార్లతో ఇంకో చిక్కుంది. కుర్రాళ్లు కొని రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి, సైలెన్సర్ మార్చి, ఏడాది గట్టిగా తోలి, అమ్మేముందు మళ్లీ పాతవి బిగిస్తారు. ఎగ్జాస్ట్ బిగింపుల దగ్గర కొత్త నట్లు, కొత్త వెల్డింగ్ కనిపిస్తే అనుమానించండి. మీరు కూడా కొన్నాక ఆ పనులు పెట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌కి అమ్మగారిని, ఆవిడని తప్పకుండా తీసుకెళ్లండి. నేను ఒక కారు బాగా నచ్చి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే, మా అమ్మ వెనక సీట్లోంచి దిగలేక డోరు పట్టుకుని రెండుసార్లు కూలబడింది. ఏమీ అనలేదు, మోకాలు రుద్దుకుంటూ నిలబడింది. ఆ కారు అక్కడే వదిలేశాను. బలెనోలో తలుపు బాగా తెరుచుకుంటుంది, తనే దిగుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆర్‌సీలో లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ తీరిందని చూపే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకి ఫారం 29, 30. పక్క రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీతో పాటు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కేసుకోవాలి, చౌక అనుకున్నది అక్కడే ఖరీదైపోతుంది. చలాన్లు ఆన్‌లైన్‌లో చూడండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి.

మీ ప్రశ్నకు సూటిగా నా జవాబు: షోరూమ్ సర్వీస్ బిల్లులన్నీ చూపించి, గేరు కుదుపు లేకుండా పడుతూ, 4 లక్షల 20 వేల లోపు వస్తే పోలో తీసుకోండి. వాటిలో ఒక్కటి తగ్గినా స్విఫ్ట్ మాన్యువల్ వైపు వెళ్లండి, లేదా బలెనో ఆర్‌ఎస్ కోసం ఒక నెల ఆగండి. శనివారం రాత్రే ఓనర్‌కి ఫోన్ చేసి, పొద్దున్న మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీకు వినిపించకుండా ముందే తిప్పి ఉంచారని అనుమానించాలి. అలా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.