క్రీ.పూ. లెక్క తిరగబడుతోందా? ఒక గీత గియ్యి

తమ్మీ, గ్రూప్స్‌కి చదువుతుంటే ఈజిప్టు, హరప్పా, రోమ్ అన్నీ కలిసిపోతున్నాయని, మన ముడుమాల నిలువురాళ్లను ఎక్కడ పెట్టాలో తెలియట్లేదని రాశావు కదా. టెన్షన్ పడకు, చిక్కంతా క్రీ.పూ. దగ్గరే ఉంది, అంకె పెద్దదైతే కాలం పాతది. నోట్‌బుక్ అడ్డంగా తిప్పి పేజీ పొడవునా గీత గీసి, మధ్యలో క్రీ.శ. 1 పెట్టు (సున్నా సంవత్సరం ఉండదు, బిట్లలో ఇక్కడే పట్టుకుంటారు). ఎడమ చివర క్రీ.పూ. 2600 అని రాయి. గిజా పెద్ద పిరమిడ్, హరప్పా నగరాలు ఇంచుమించు అక్కడే, రెండూ కంచు యుగమే. క్రీ.పూ. 1900 దగ్గర హరప్పా నగరాలు క్షీణించాయి.

మన దక్కన్‌లో మాత్రం కంచు యుగం అంటూ విడిగా నిలబడదు, రాతి పనిముట్లు, కాస్త రాగి, తర్వాత ఇనుము. అందుకే గైడ్లలోని రాతి, కంచు, ఇనుప యుగాల పట్టిక మనకు అతకదు, నేనూ ఒకసారి దీంతోనే మార్కు పోగొట్టుకున్నా. కృష్ణ ఒడ్డున ముడుమాలలో మనిషిని మించిన ఎత్తులో నిలబడ్డ ఆ రాళ్లు బృహత్‌శిలా యుగానివి (పెద్ద పెద్ద రాళ్లు నిలిపిన కాలం), పిరమిడ్ తర్వాతే రాసుకో.

కుడివైపు క్రీ.శ. 476, పశ్చిమ రోమ్ పతనం, మధ్యయుగం అక్కడ మొదలనేది యూరప్ లెక్క. మన నల్గొండ దగ్గరి పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ఇంకా కుడికి, 11-12 శతాబ్దాల దగ్గర పెట్టు.