పల్లి నూనెలో పావు లీటరు

ప్రశ్న: అమ్మా, రెండేళ్ళ కింద వనపర్తిలో అప్పు చేసి చెక్క గానుగ పెట్టుకున్నాను. పల్లి గింజలు కిలో 125కు కొని, నూనె లీటరు 340కి అమ్ముతున్నాను. ఆరు నెలల కింద మా వీధి చివర ఇంకో గానుగ వచ్చింది. ‘స్వచ్ఛమైన పల్లి నూనె’ అని బోర్డు పెట్టి 220కే ఇస్తున్నారు. నెలకు 200 లీటర్లు పోయే నాకు ఇప్పుడు 120 పోవడమే కష్టంగా ఉంది. 41 వేలు ఉద్దెరలో ఆగాయి. నెల కిస్తీ 7,500. ‘లీటరుకు పావు లీటరు పామాయిల్ కలుపు, ఎవరికి తెలుస్తుంది, నిజాయితీ కూడు పెడుతుందా’ అంటున్నాడు మా బావ. నాకేమో చెయ్యి రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: నాయనా, నీ ఉత్తరం చదివి ముందు పెన్సిల్ వెతుక్కున్నాను. ఆదోనిలో ముప్పై ఏళ్ళు అంగట్లో కూర్చున్నదాన్ని, లెక్క తేలందే ధర్మం మాట్లాడలేను.

లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. (మీరు పల్లీలంటారు, మా వైపు బుడ్డలు.) నీ ధరకు అవి 312 రూపాయలు. నూనె తీశాక మిగిలే పిప్పి, అదే చెక్క, కిలోన్నర దాకా వస్తుంది. కిలో 40కి పోయినా 60 వెనక్కి వస్తుంది. కరెంటు, కూలి, సీసా లేకుండానే 252 అయింది. అలాంటిది 220కి ఎలా ఇస్తున్నాడో నువ్వే ఊహించుకో. అతని సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మీ బావ సలహాకూ లెక్క వేశాను. పామాయిల్ లీటరు 130 అనుకుంటే, 63 రూపాయల పావు లీటరు పల్లి నూనె బదులు 33 రూపాయల పామాయిల్ కలిపినందుకు నీకు మిగిలేది 30 రూపాయలు. 120 లీటర్ల మీద నెలకు 3,600. అది సగం కిస్తీకి కూడా చాలదు. ఇటు ఉద్దెర చూడు. 41 వేలంటే నీ ధరకు 120 లీటర్లు. ఒక నెల నూనె, ఐదు కిస్తీల డబ్బు, పుస్తకంలో నిద్రపోతోంది. మొహమాటం మీద పడాల్సిన నింద నిజాయితీ మీద వేస్తున్నావేమో.

ఇక, కలిపితే ఎవరికీ తెలియదన్న మాట. చాలామందికి తెలియదు, నిజమే. కలపకపోయినా తెలియదు! అసలు బాధ అదే, నేను పడ్డాను.

మా ఆయన పోయాక 1984లో అంగడి నా చేతికొచ్చింది. ఒకరోజు అర కిలో రాయి ఎత్తితే ఎందుకో తేలిగ్గా తోచింది. తిరగేశాను. ఇనుప రాయి అడుగున గుంటలో సీసం పోసి, దాని మీద తూనికలవాళ్ళు ముద్ర కొడతారు. మధ్యలో ముద్ర చెక్కుచెదరలేదు, చుట్టూ సీసం మాత్రం చాకుతో గీకేసి ఉంది. పక్క అంగడి రాయిని ఇటు, మాది అటు పెట్టి తూచి, మా వైపు తట్టలో ఇత్తడి బిళ్ళలు వేస్తూ పోతే 5, 2, 1... ఎనిమిది గ్రాములకు ముల్లు నిలబడింది. గీకిందెవరో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. కొత్త రాళ్ళు కొన్నాను. ఆ నెల మిగులు తగ్గిందని మా అత్తమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

జనమైనా మెచ్చుకున్నారా అంటే, రెండేళ్ళు ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. తక్కువ తూచినప్పుడు వచ్చినవాళ్ళే సరిగ్గా తూచినప్పుడూ వచ్చారు. రాత్రి గల్లాపెట్టె మూసేటప్పుడు ఏడుపొచ్చేది.

చివరికి విసుగొచ్చి త్రాసును లోపలినుంచి తెచ్చి గడప దగ్గర వేలాడదీశాను. రాయి కూడా కొనేవాళ్ళనే వేయమన్నాను. ‘ఈమెకేం పనీపాటా లేదా’ అనుకున్నారు. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు వేరే అంగళ్ళలో కొన్న పొట్లాలు తెచ్చి నా త్రాసులో వేసి చూసుకోవడం మొదలుపెట్టారు. చూసుకున్నాక ఇక్కడే కొనడం మొదలుపెట్టారు.

నువ్వూ గానుగను వీధిలోకి కనపడేలా పెట్టు. గింజల బస్తా మూతి విప్పి ఎదురుగా ఉంచు. ఒక పలక మీద ఆ రోజు గింజల ధర, లీటరుకు ఎన్ని కిలోలు, చెక్క మీద వెనక్కొచ్చేది, నీ కూలి అన్నీ రాసిపెట్టు. పక్కవాడి పేరెత్తకు. 312 అన్న అంకె చూసినవాళ్ళు ఆ 220 బోర్డు దగ్గర వాళ్ళంతట వాళ్ళే ఆగుతారు. మీ వైపు యాసంగి పల్లి బాగా పండుతుంది కదా, రైతులు తెచ్చిన గింజలు వాళ్ళ కళ్ళముందే ఆడించి కూలి తీసుకో. అందులో నీకు పెట్టుబడి ఉండదు, వాళ్ళకు అనుమానం ఉండదు.

క్యాన్లు తెచ్చినవాళ్ళకు విడిగా పోసి అమ్ముతున్నావా? అయితే అది నీ తప్పు. వంటనూనె సీలు వేసిన ప్యాకింగ్‌లోనే అమ్మాలని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. సీసాకు సీలు వేసి, తేదీ, కొలత రాయి. లీటరు పల్లి నూనె తూస్తే 910 గ్రాములే ఉంటుంది. కిలో అడిగినవాళ్ళకు లీటరు అంటగట్టకు, తేడా చెప్పు. ‘ఫ్రిజ్‌లో గడ్డకడితే కల్తీ’ అనే ప్రచారం మాత్రం పొరపాటున కూడా చేయకు. అసలైన పల్లి నూనె కూడా ఆ చలికి చిక్కబడుతుంది, నింద తిరిగి నీకే తగులుతుంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్ళెవరైనా రుసుము కట్టి నూనెను పరీక్ష చేయించుకోవచ్చు. ఆ మాట కూడా పలక మీద రాయి, నీ నూనె మీద నీకు నమ్మకముంటే.

ఇంత చేసినా పోయిన 80 లీటర్లూ తిరిగి రావు. మిర్చి బజ్జీల బండివాడికి 340 నూనె గిట్టదు, వాడి కోసం ఎదురుచూడకు.

ఉద్దెర సంగతి ఈ నెలే తేల్చు. పాతది సగమైనా కట్టనిదే కొత్త సీసా లేదని చెప్పు. కొందరు అలుగుతారు, అలగనీ. అన్నట్టు, ఆ 41 వేలలో మీ బావ పేరున ఎంత ఉందో రాయలేదు.